ప్రిమ్‌రోజ్

పశ్చిమ, దక్షిణ ఐరోపాలో అడవి అంచుల్లోనూ గట్ల మీదా తనంత తానుగా పెరిగే ప్రిమ్‌రోజ్ బహువార్షిక మొక్క, అంటే ఒకసారి వేరూనితే అదే దుబ్బు నుంచి ఏటా చిగురించి పూస్తుంది. ముడతలు దేరిన ఆకుల నడుమ, జానెడు మించని కాడల మీద, లేత పసుపు పూలు ఎక్కువగా మార్చి నుంచి మే వరకు కనిపిస్తాయి. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో దీన్ని కౌస్లిప్ అనే దగ్గరి జాతిలో ఒక రకంగానే లెక్కించగా, ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు విలియం హడ్సన్ 1762లో ప్రిమ్యులా వల్గారిస్ పేరుతో వేరే జాతిగా గుర్తించాడు.

ఈ పువ్వు చరిత్రలో అన్నిటికన్నా విలువైన ఘట్టం చార్లెస్ డార్విన్ పరిశీలన. కొన్ని మొక్కల పూలలో కీలం, అంటే అండాశయం నుంచి పైకి సాగే సన్నని కాడ, పొడవుగా ఎదగడం వల్ల దాని గుండ్రని కొస, అంటే కీలాగ్రం, గుండుసూది తలలా పూగొట్టం అంచున కనిపిస్తుంది. పుప్పొడిని దాచుకునే పరాగకోశాలు మాత్రం గొట్టం లోపలే ఉంటాయి. మరికొన్ని మొక్కల్లో పరాగకోశాలు పైన, కీలాగ్రం లోపల ఉంటాయి. ఒక మొక్కకు పూసిన పూలన్నీ ఒకే తీరున ఉంటాయి. తోటమాలులకు ఎప్పటినుంచో తెలిసిన ఈ తేడాకు కారణమేమిటో డార్విన్ వెతికాడు. ప్రిమ్యులా ప్రజాతి మొక్కల్లో ఒక తీరు పూల పుప్పొడి రెండో తీరు పూలకు అందినప్పుడే గింజలు పుష్కలంగా కడతాయనీ, కీటకం ఒంటికి ఒక పువ్వులో పుప్పొడి అంటిన చోటే రెండో తీరు పువ్వులోని కీలాగ్రానికి తగులుతుందనీ 1861 నవంబరులో లిన్నేయన్ సొసైటీకి సమర్పించిన పత్రంలో వివరించాడు. పరపరాగ సంపర్కానికి ఇంతటి చక్కని ఏర్పాటు ఒక మామూలు అడవిపువ్వులో ఉండటం నిజంగా అబ్బురమే.

బ్రిటిష్ మాజీ ప్రధాని డిజ్రేలీ 1881 ఏప్రిల్ 19న మరణించినప్పుడు, ఆయనకు ఇష్టమైన పూలంటూ విక్టోరియా రాణి ప్రిమ్‌రోజ్ పూలదండను పంపింది. ఆ ఇష్టం ఎంతవరకు నిజమన్న వాదం అప్పుడే లేచినా, 1883లో కన్సర్వేటివ్ పార్టీ వారు స్థాపించిన ప్రిమ్‌రోజ్ లీగ్‌కు ఈ పువ్వే చిహ్నమైంది. మహిళలను కూడా చేర్చుకున్న ఆ సంస్థ 2004 వరకు నిలిచింది. ఇక మొక్క విషయానికొస్తే, అడవి మొక్కలను భూయజమాని అనుమతి లేకుండా పెకలించడాన్ని బ్రిటన్‌లో 1981 నాటి చట్టం నిషేధించడంతో ప్రిమ్‌రోజ్ దుబ్బులకు కూడా రక్షణ దొరికింది.

డార్విన్ పరిశీలించిన ఆ రెండు పూల తీరులూ మెండెల్ వంశపారంపర్య సూత్రాల ప్రకారమే తరతరాలకూ సంక్రమిస్తాయని శాస్త్రవేత్తలు బేట్సన్, గ్రెగరీ 1905లో నిరూపించారు. పొట్టి కీలం ఉన్న మొక్కల్లో మాత్రమే కనిపించే ఐదు జన్యువుల సముదాయం ఈ తేడాను నియంత్రిస్తుందనీ, పొడవు కీలపు మొక్కల్లో డీఎన్ఏలోని ఆ భాగమే ఉండదనీ 2016లో వెల్లడైంది.