ప్రయాణం కట్టిన పుట్టిల్లు

అమెరికా తెలుగువాళ్ల వలస చరిత్ర అనగానే మనకు గుర్తొచ్చేవి చదువులు, ఉద్యోగాలు, డాలర్లు, గుళ్లు, సంఘాలు. ఆరునెలల వీసా మీద వచ్చి పురుళ్లు పోసి, పసివాళ్లను సాకి, తిరుగు విమానం ఎక్కిన తల్లులు ఆ చరిత్రలో కనిపించరు. కనిపించినా 'అమెరికా చూడ్డానికి వచ్చినవాళ్లు'గానే. ఈ చూడ్డం వెనక ఉన్న చాకిరీని ఎవరు లెక్కగట్టారు?

ముందు చట్టాల సంగతి. 1917 చట్టం మనవాళ్లకు అమెరికా తలుపులు దాదాపు మూసేసింది. 1946లో భారతీయులకు ఏడాదికి 100 మంది చొప్పున కోటా ఇచ్చారు. 1965 చట్టం వచ్చాకే డాక్టర్లూ ఇంజనీర్లూ పెద్ద సంఖ్యలో వెళ్లగలిగారు. 21 ఏళ్లు నిండిన పౌరుల తల్లిదండ్రులకు సంఖ్యాపరిమితి లేకుండా శాశ్వత నివాసం ఇచ్చే వీలునూ ఆ చట్టమే కల్పించింది. 1990 చట్టంతో హెచ్-1బి వచ్చింది, సాఫ్ట్‌వేర్ తరం బయల్దేరింది. వీళ్లు పౌరులు కారు, తాత్కాలిక ఉద్యోగులు. వీళ్ల అమ్మానాన్నలకు దొరికేది సందర్శకుల వీసా, మామూలుగా ఒక విడతకు ఆరునెలలు. 2008లో హైదరాబాదులో తెరిచిన కాన్సులేట్ వీసాలు ఇవ్వడం మొదలుపెట్టేదాకా దానికోసం చెన్నై వెళ్లాల్సి వచ్చేది.

ఇంకో చట్టాన్ని కూడా దీని పక్కన పెట్టుకుని చదవాలి. 1993 నాటి కుటుంబ సెలవు చట్టం అమెరికాలో బాలింతకు ఇచ్చింది 12 వారాలు, అదీ జీతం లేకుండా. 50 మందికన్నా తక్కువమంది పనిచేసే ప్రైవేటు సంస్థలకు అదీ వర్తించదు. న్యూయార్క్ రాష్ట్రంలో కొంత జీతంతో సెలవు 2018లో గాని మొదలుకాలేదు. సెలవు అయిపోయాక బిడ్డను ఎవరు చూసుకోవాలి? ఆ ప్రశ్నకు జవాబు మన ఊళ్లనుంచి విమానమెక్కి వస్తోంది.

తొలికాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. కూతురు పుట్టింటికి వెళ్లేది. వలస ఈ దిశను తిప్పేసింది. ఇప్పుడు పుట్టిల్లే సూట్‌కేసుల్లో సర్దుకుని కూతురి దగ్గరకు వస్తోంది. అక్కడైతే అమ్మమ్మ, పిన్ని, నీళ్లుపోసే మనిషి, బట్టలుతికే మనిషి ఉండేవాళ్లు. (వాళ్ల శ్రమకు మాత్రం మనం ఎప్పుడు లెక్క రాశాం?) ఇక్కడ అందరి పనీ ఒక్క అమ్మ మీద పడింది.

మా అమ్మానాన్న తెనాలి నుంచి న్యూయార్క్ క్వీన్స్‌లోని మా చిన్న ఫ్లాట్‌కు వచ్చింది నా కాన్పుకే. అమ్మ పెట్టెలో శొంఠి, వాము, పాత చింతకాయ పచ్చడి, పాతచీరలు చించి కుట్టిన పొత్తిగుడ్డలు. ఆమె రావడం కోసం మంచానపడ్డ నానమ్మను మేనత్త తన ఇంటికి తీసుకెళ్లింది. మేనత్త కుట్టుమిషన్ ఆర్నెల్లు మూలన పడింది. నా ఒక్క ఉద్యోగం నిలబడడానికి రెండు ఖండాల్లో ఇద్దరు ఆడవాళ్లు తమ పనులు ఆపుకున్నారు. ఆ నెలల్లో అమ్మ మోకాలినొప్పికి డాక్టరు దగ్గరకు వెళ్లలేదు. సందర్శకుల బీమా పాత జబ్బులకు చాలావరకు డబ్బివ్వదు మరి.

నాన్న మాత్రం నిజంగానే అతిథి. నెల తిరక్కుండా 7 నంబరు రైలెక్కి ఫ్లషింగ్ గుడికి వెళ్లడం నేర్చుకున్నారు. 1977లో ప్రతిష్ఠ జరిగిన ఆ వినాయకుడి గుడి కాంటీన్‌లో దోసె తింటూ, తనలాంటి తండ్రులతో ఊరి రాజకీయాలు మాట్లాడి వచ్చేవారు. అమ్మ ఆ గుడి చూసింది రెండేసార్లు. ఇది ఆయన ఒక్కడి తప్పని కాదు. బిడ్డను చంకనెత్తుకున్న మనిషికి నగరం అంత సులువుగా తెరుచుకోదు.

అలాగని అమ్మను ఉత్త బాధితురాలిగా రాయలేను. "ఇక్కడ నీకేం నచ్చిందమ్మా?" అని అడిగితే, "కింద బట్టలుతికే గది" అంది. "మిషన్ తిరిగినంతసేపూ ఊరికే కూచోవచ్చు. ఎవరూ పిలవరు." పెళ్లయిన ముప్పయ్యయిదేళ్లలో ఆమెకు దొరికిన తీరిక అది!

వీసా దరఖాస్తులో వృత్తి అన్నచోట 'గృహిణి' అనీ, ప్రయాణ కారణం అన్నచోట 'సందర్శన' అనీ రాశాం. ఆ రెండు మాటలూ కలిసి ఆమె పనిని కాగితం మీదనుంచి పూర్తిగా చెరిపేశాయి. చరిత్రకారులు రేపు వెతికేది ఆ కాగితాల్లోనే.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను వాళ్ల మాటల్లోనే వినిపించింది. వలస చరిత్రకూ ఆ పద్ధతే కావాలి. ఎవరు వచ్చారు, ఎవరి కాన్పుకు, ఎన్ని నెలలు ఉన్నారు, వెనక ఇల్లు ఎవరు చూశారు? ఈ నాలుగు ప్రశ్నలూ మన ఇళ్లలోనే అడగడం మొదలుపెట్టాలి, ముందువచ్చిన తల్లులు మనకు మిగిలి ఉండగానే. నేను అడిగినప్పుడు మా అమ్మ తన గురించి కాదు, ముందుగా మేనత్త గురించి చెప్పింది.