మద్రాసులో తెలుగువాడు కట్టిన మూడు సినిమా హాళ్ళు: గెయిటీ, క్రౌన్, గ్లోబ్

చెన్నై నగరంలో మౌంట్ రోడ్డు పక్కన గెయిటీ, మింటు వీధిలో క్రౌన్, పురసవాకంలో గ్లోబ్ అనే మూడు సినిమా హాళ్ళు ఉండేవి. మూడింటినీ కట్టించినవాడు ఒక్కరే. ఆయన తెలుగు సినిమా పితామహుడుగా పేరొందిన రఘుపతి వెంకయ్య. దక్షిణ భారతంలో సినిమా ప్రదర్శన ఊరూరా తిరిగే గుడారాన్ని విడిచి సొంత ఇంటికి చేరడంలో ఈ హాళ్ళకు ముఖ్యమైన పాత్ర ఉంది. నేడు మూడింటిలో ఒక్కటి కూడా మిగలలేదు.

ఛాయాచిత్రం నుంచి చలనచిత్రానికి

వెంకయ్య 1869లో మచిలీపట్నంలో జన్మించారు. యౌవనంలోనే మద్రాసు చేరి ఛాయాచిత్ర కళలో స్థిరపడి, సొంత స్టూడియోను నడిపారు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం ఆయన దృష్టిని ఆకర్షించింది. బొమ్మ ప్రొజెక్టరు నుంచి వస్తుండగా గ్రామఫోన్ పళ్ళెం మీది శబ్దాన్ని దానికి జతకూర్చి వినిపించడం ఆ యంత్రం ప్రత్యేకత. టాకీలు పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందే బొమ్మ మాట్లాడుతున్నదన్న భ్రమను అది కలిగించింది. దాని వెల సుమారు 30,000 రూపాయలని చెబుతారు. ఆ కాలానికి అది సామాన్యమైన సొమ్ము కాదు. స్టూడియోను తాకట్టు పెట్టి వెంకయ్య ఆ యంత్రాన్ని సంపాదించారు.

విక్టోరియా పబ్లిక్ హాలులోనూ, ఎస్ప్లనేడు మైదానంలో వేసిన గుడారంలోనూ ఆయన చిన్న చిన్న చిత్రాలను ప్రదర్శించారు. తరువాత యంత్రాన్ని వెంటబెట్టుకొని బెంగుళూరు, విజయవాడ మొదలైన పట్టణాలలోనూ, సముద్రం దాటి సింహళం, బర్మాలలోనూ ప్రదర్శనలిచ్చారు. గుడారపు ఆటకు వాన, గాలి, అగ్ని ప్రమాదం నిత్య శత్రువులు. పైగా ఊరు మారినప్పుడల్లా ప్రేక్షకులను మళ్ళీ కొత్తగా సంపాదించుకోవలసిందే. ఆ అనుభవమే ఆయనను శాశ్వత భవనం వైపు నడిపించింది.

మూడు పేటలు, మూడు హాళ్ళు

అప్పటికే మద్రాసులో సినిమా కోసం కట్టిన భవనాలు లేకపోలేదు. మౌంట్ రోడ్డులో వార్విక్ మేజర్ అనే ఆంగ్లేయుడు 1913లో ఎలక్ట్రిక్ థియేటర్‌ను ప్రారంభించాడు. అయితే నగరంలో భారతీయుని యాజమాన్యంలో వెలసిన మొదటి సినిమా హాలు అనే గౌరవం గెయిటీదే. దాని నిర్మాణ కాలాన్ని కొందరు 1912గా, మరికొందరు 1914గా పేర్కొన్నారు. ఆ తరువాత క్రౌన్, గ్లోబ్ వెలిశాయి. గ్లోబ్ అనంతర కాలంలో రాక్సీ అనే పేరుతో ప్రసిద్ధి పొందింది.

ఈ మూడు చోట్లను గమనిస్తే వెంకయ్య ఎంపికలోని వివేకం బోధపడుతుంది. గెయిటీ ఉన్న బ్లాకర్స్ రోడ్డు ఒకవైపు దొరల దుకాణాలున్న మౌంట్ రోడ్డుకు, మరొకవైపు చింతాద్రిపేటకు దగ్గర. చింతాద్రిపేట 1734లో ఈస్టిండియా కంపెనీ నేతపనివారి కోసం ఏర్పరచిన పేట. అంతకుముందు అది సుంకురామ చెట్టి అనే తెలుగు వర్తకుని తోట. క్రౌన్ ఉన్న మింటు వీధి పెద్దనాయకనిపేటలోనిది. ఆ పేట పేరులోనూ, దాని తూర్పున ఉన్న ముత్యాలపేట పేరులోనూ తెలుగుదనం నేటికీ వినిపిస్తుంది. కొత్వాల్ చావడి దగ్గరి కన్యకా పరమేశ్వరి దేవస్థానం, వావిళ్ళవారి ముద్రణాలయం, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక, ఇవన్నీ ఆనాటి మద్రాసులో తెలుగువారి జీవనానికి ఆనవాళ్ళు. పురసవాకం నగరానికి వాయవ్యంగా పెరుగుతున్న నివాస ప్రాంతం. దొరల వీధిలోని వినోదాన్ని వెంకయ్య జనం కాపురముండే పేటలకు తీసుకువచ్చారు.

మూకీ కాలపు హాలు

ఆ రోజులలో తెర మీద ప్రధానంగా విదేశీ చిత్రాలే ఆడేవి. "మిలియన్ డాలర్ మిస్టరీ", "బ్రోకెన్ కాయిన్" వంటి అమెరికా సీరియల్ చిత్రాలను వెంకయ్య తన హాళ్ళలో ప్రదర్శించారు. కథ భాగాలు భాగాలుగా నడవడంతో ప్రేక్షకుడు మళ్ళీ అదే హాలుకు రాక తప్పేది కాదు. పేట హాలుకు నిలకడైన ప్రేక్షకులను అలవాటు చేసినవి ఈ సీరియల్ చిత్రాలే.

మూకీకి మాటలు లేవు గనుక చదువురాని వారికి కథను బిగ్గరగా వివరించే వ్యాఖ్యాతలు తెర పక్కన నిలిచేవారు. వాద్యగాళ్ళు సన్నివేశానికి తగిన వాద్యం అందించేవారు. ఆనాటి ఫిల్ము సులభంగా అంటుకొనే స్వభావం కలది. కనుక 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రదర్శనశాలలకు లైసెన్సును తప్పనిసరి చేసింది.

తెర వెనుకకు

ఇతరులు తీసిన చిత్రాలను చూపడంతో వెంకయ్య తృప్తి చెందలేదు. కుమారుడు ప్రకాశ్‌ను చిత్ర నిర్మాణ విద్య కోసం విదేశాలకు పంపారు. ప్రకాశ్ తిరిగివచ్చాక తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థను నెలకొల్పి, 1921లో "భీష్మ ప్రతిజ్ఞ" అనే మూకీని నిర్మించారు. ప్రకాశ్ దానికి దర్శకత్వం వహించడమే గాక భీష్మ పాత్రను కూడా ధరించారు. అనంతర కాలంలో ప్రముఖ దర్శకులైన సి. పుల్లయ్య, వై.వి. రావు సినిమా పాఠాలు నేర్చుకొన్నది ప్రకాశ్ వద్దనే.

ప్రదర్శనలో వచ్చిన లాభం నిర్మాణంలో నిలవలేదు. అప్పులు పెరిగాయి, హాళ్ళు చేజారాయి. వెంకయ్య 1941లో మరణించారు. అప్పటికి తెలుగు టాకీ పుట్టి తొమ్మిదేళ్ళయింది. యజమానులు మారినా మూడు హాళ్ళు మాత్రం చాలాకాలం నిలిచాయి.

టాకీల కాలంలో పేట థియేటర్

1931 అక్టోబరు 31న మద్రాసులోని కినిమా సెంట్రల్‌లో "కాళిదాస్" విడుదలైంది. అందులో కథానాయిక తమిళంలో, కథానాయకుడు తెలుగులో మాట్లాడారు. రెండు భాషలవారూ ఒకే బెంచీ మీద కూర్చొనే మద్రాసుకు అది తగిన తొలి టాకీయే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మద్రాసు తమిళుల రాజధానిగా మిగిలిపోయినా, తెలుగు చిత్రాల నిర్మాణం మరో రెండు దశాబ్దాలకు పైగా ప్రధానంగా ఆ నగరంలోనే సాగింది.

ఆ కాలపు పేట థియేటర్లలో నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని తరగతులుండేవి. ఆడవారికి విడిగా టికెట్ల వరుస ఉండేది. కొత్త బొమ్మ వచ్చిందంటే పోస్టర్లు అతికించిన బండి వాద్యాలతో వీధుల వెంట తిరిగేది. వెనుక పరుగెత్తే పిల్లలకు కరపత్రాలు విసిరేవారు. విరామంలో గోలీ సోడాలు, మురుకులు, పాటల పుస్తకాలు అమ్ముడయ్యేవి. ఒకే ప్రింటును రెండు థియేటర్లు పంచుకొన్నప్పుడు, అక్కడ ఆడిన రీళ్ళను ఇక్కడికి సైకిలు మీద చేరవేసేవారు. సైకిలు ఆలస్యమైతే హాలంతా ఈలలతో మారుమోగేది.

క్రౌన్ పేరు తమిళ ప్రేక్షకుల జ్ఞాపకాలలోనూ గాఢంగా నిలిచింది. శివాజీ గణేశన్ చిత్రాలు మౌంట్ రోడ్డు శాంతి, మింటు వీధి క్రౌన్, భువనేశ్వరి థియేటర్లలో ఒకేసారి విడుదల కావడం ఒకనాడు ఆనవాయితీ. ఈ మూడు పేర్లూ నాటి పత్రికా ప్రకటనలలో వరుసగా కనిపించేవి. వాటిలో శాంతి కూడా 2016లో మూతపడింది.

కనుమరుగు కావడానికి కారణాలు

1975లో మద్రాసుకు దూరదర్శన్ వచ్చింది. ఎనభైలలో వీడియో క్యాసెట్లు, తొంభైలలో కేబుల్ టీవీ ప్రేక్షకుణ్ణి ఇంటికి కట్టివేశాయి. అయితే అన్నిటికన్నా బలమైన కారణం స్థలం విలువ. మద్రాసులో భూమిని గ్రౌండ్లలో లెక్కిస్తారు. ఒక గ్రౌండు 2,400 చదరపు అడుగులు. నాడు పేట అంచున చవకగా దొరికిన స్థలాలు కాలక్రమాన నగరపు నడిబొడ్డున పడ్డాయి. సగం నిండిన హాలు తెచ్చే రాబడి ఎక్కడ, అదే చోట బహుళ అంతస్తుల దుకాణం తెచ్చే అద్దె ఎక్కడ! ఈ లెక్క ముందు గెయిటీ, క్రౌన్, రాక్సీలే కాదు, నగరంలోని ఎన్నో పాత థియేటర్లు నిలవలేకపోయాయి.

మిగిలినవి

ఆంగ్లేయుడు కట్టిన ఎలక్ట్రిక్ థియేటర్ కొద్ది ఏళ్ళే నడిచింది. కానీ దాని స్థలం తపాలా శాఖ చేతికి వెళ్ళడంతో ఆ చిన్న భవనం అన్నా రోడ్డు తపాలా కార్యాలయ ఆవరణలో నిలిచిపోయింది. దశాబ్దాల పాటు జనాన్ని అలరించిన వెంకయ్య హాళ్ళకు అటువంటి అదృష్టం పట్టలేదు. ప్రైవేటు ఆస్తిగా చేతులు మారుతూ వచ్చిన కట్టడాన్ని చారిత్రక సంపదగా గుర్తించే నాథుడు లేకపోయాడు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో రఘుపతి వెంకయ్య పేరిట పురస్కారాన్ని నెలకొల్పింది. మొదటి పురస్కారం ఎల్.వి. ప్రసాద్‌కు లభించింది. ఆ విధంగా ఆయన పేరు హైదరాబాదులో నిలిచింది. ఆయన సర్వస్వం ధారపోసి హాళ్ళు కట్టిన మద్రాసు పేటలలో మాత్రం వాటి ఉనికి పెద్దవారి మాటలకే పరిమితమైంది. చింతాద్రిపేటలోనో, పురసవాకంలోనో తరతరాలుగా కాపురముంటున్న తెలుగు కుటుంబాలలో ఆ హాళ్ళలో సినిమా చూసిన తాతలు, అమ్మమ్మలు ఇంకా కొందరున్నారు. ఏ హాలులో ఏ బొమ్మ చూశారో, టికెట్టుకు ఎంత ఇచ్చారో వారిని అడిగి రాసిపెట్టుకోవడం ఇంటిలోని పిన్నలు చేయదగిన పని. కూలిన గోడలను తిరిగి కట్టలేకపోయినా, వాటి మధ్య గడిచిన సాయంకాలాల చరిత్ర ఆ మేరకు దక్కుతుంది.