మొరాకో ప్రముఖులు: స్వదేశంలోనూ, ఎల్లలకు ఆవలనూ

ఆఫ్రికా ఖండపు వాయవ్య కొసన, స్పెయిన్‌కు ఒక జలసంధి మాత్రమే అడ్డుగా ఉన్న దేశం మొరాకో. అరబ్బులు, అమాజీగులు (బెర్బర్లు), యూదులు తరతరాలుగా కలసి జీవించిన నేల ఇది. ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో ఇక్కడి జనం లక్షల సంఖ్యలో ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ దేశాలకు పనుల కోసం తరలిపోయారు. కనుక మొరాకో ప్రముఖులను గురించి చెప్పేవారు ఆ దేశపు పటాన్ని మాత్రమే ముందుంచుకుంటే సగం మందిని విడిచిపెట్టినట్లే అవుతుంది.

వీరిలో మనకు మిక్కిలి పరిచితుడు ఇబ్న్ బతూతా. 1304లో టాంజియర్‌లో జన్మించిన ఈయన 21వ ఏట, 1325లో, హజ్ యాత్రకని ఇల్లు విడిచారు. తిరిగి స్వదేశం చేరినది 1349లో. ఈ నడుమ ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో కొన్నేళ్లు ఖాజీగా పనిచేశారు. చైనాకు రాయబారిగా కానుకలతో బయలుదేరగా కాలికట్ రేవులో తుఫాను ఓడలను ముంచివేసింది. పిమ్మట మాల్దీవులకు, మధుర సుల్తాను వద్దకు వెళ్లారు. తెలుగు నేలపై ఆయన సంచరించిన దాఖలా లేదు. అయినా ఆయన గ్రంథం ‘రిహ్లా’లో ‘తిలంగ్’ పేరిట మన దేశం కనిపిస్తుంది. అది ఢిల్లీకి మూడు నెలల ప్రయాణ దూరమని, తుగ్లక్ యువరాజుగా అక్కడికి దండెత్తి వెళ్లాడని అందులో ఉంది. ఇంత తిరిగినవాడు ఇల్లు చేరేసరికి తల్లి లేదు. కొద్ది నెలల క్రితమే ఆమె మహమ్మారికి బలి అయింది.

ఫెజ్ నగరంలోని అల్ ఖరవియ్యీన్ విద్యాపీఠాన్ని 859లో నెలకొల్పినట్లు సంప్రదాయం చెప్పే ఫాతిమా అల్ ఫిహ్రీ నేటి ట్యునీషియాలోని ఖైరవాన్ నుండి వలస వచ్చిన కుటుంబపు ఆడపడుచు. 1154లో సిసిలీ రాజు రెండవ రోజర్ కోసం ప్రపంచ పటం రూపొందించిన అల్ ఇద్రీసీ స్వస్థలంగా చెప్పే సియూటా నేడు స్పెయిన్ ఏలుబడిలో ఉంది. రిఫ్ కొండల వీరుడు అబ్దుల్ కరీం 1921లో అన్వాల్ వద్ద స్పెయిన్ సేనను చిత్తుచేశారు. 1926లో ఫ్రెంచివారికి లొంగిపోయి, రీయూనియన్ దీవికి ప్రవాసం పంపబడ్డారు. 1956లో దేశం స్వతంత్రమైనా ఆయన తిరిగి రాలేదు. 1963లో కైరోలోనే కన్నుమూశారు.

రచయితలలో భాషాసమస్య ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. ఫెజ్‌లో పుట్టిన తాహర్ బెన్ జెల్లూన్ (1987), రబాత్‌లో పుట్టిన లైలా స్లిమానీ (2016) ఫ్రెంచిలో రాసి ఆ దేశపు గొంకూర్ పురస్కారం పొందారు. రిఫ్ ప్రాంతపు నిరుపేద ఇంట పుట్టిన మహమ్మద్ షుక్రీ కథ వేరు. ఇరవై ఏళ్ల ప్రాయంలో గాని ఆయనకు అక్షరాలు అబ్బలేదు. ఇంటి భాష అమాజీగ్, రాసినది అరబ్బీలో. ఆకలి బతుకును దాపరికం లేకుండా చెప్పిన ఆయన ఆత్మకథను మొరాకో 1983 నుండి 2000 వరకు నిషేధించింది. అమాజీగ్‌కు రాజ్యాంగంలో అధికార భాషా ప్రతిపత్తి దక్కినది 2011లో. అప్పటికి షుక్రీ మరణించి ఎనిమిదేళ్లు.

క్రీడలలో నవాల్ ఎల్ ముతవకిల్ 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ గెలిచి, స్వర్ణం పొందిన తొలి అరబ్ మహిళ అయ్యారు. 1500 మీటర్లను 1998లో 3 నిమిషాల 26 సెకన్లలో పరుగెత్తిన హిషామ్ ఎల్ గెరూజ్ రికార్డు రెండు దశాబ్దాలు దాటినా చెరగలేదు.

ఇక వలస బిడ్డలు. ఒక ఇమాము కుమారుడైన అహ్మద్ అబూతాలిబ్ 15వ ఏట నెదర్లాండ్స్ చేరి, 2009 నుండి 2024 వరకు రోటర్‌డామ్ మేయరుగా ఉన్నారు. అంతకు ముందు 2007లో ఉపమంత్రి కాగానే, రెండు దేశాల పౌరసత్వం గలవారికి ఈ పదవి తగదని ఒక పార్టీ పార్లమెంటులో అవిశ్వాసం తెచ్చింది, అది నెగ్గలేదు. మొరాకో పౌరసత్వం తండ్రి నుండి పుట్టుకతోనే సంక్రమిస్తుంది, 2007 సవరణ తరువాత తల్లి నుండి కూడా. దానిని వదులుకోవడం ఆచరణలో దాదాపు అసాధ్యం. వదులుకోలేని దానికి సంజాయిషీ అడగడం ఏ పాటి న్యాయమో! అబూతాలిబ్ వలెనే మొరాకోలో పుట్టిన నజత్ వాలో-బెల్కసెమ్ 2014లో ఫ్రాన్స్ తొలి మహిళా విద్యామంత్రి అయ్యారు.

2022 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో సెమీఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా జట్టు మొరాకో. ఆ 26 మందిలో 14 మంది పరదేశాలలో పుట్టినవారే. స్పెయిన్‌పై పెనాల్టీలలో విజయాన్ని ఖాయం చేసిన చివరి బంతిని గోలులోకి తన్నిన అష్రఫ్ హకీమీ పుట్టినది ఆ స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లోనే.