రాజ్యాంగంలో మన హక్కు ఎక్కడుంది? ఎవరిని అడగాలి?

నవంబర్ 26 వచ్చినా, ఏప్రిల్ 14 వచ్చినా మన వాడల్లో రాజ్యాంగ పీఠిక చదువుతాం, అంబేద్కర్ విగ్రహానికి దండ వేస్తాం. కానీ దాడి జరిగిన రోజు, వెలివేసిన రోజు, ఏ హక్కు కింద ఏం అడగాలో, ఎవరి దగ్గర మొదలుపెట్టాలో తెలియక చాలామంది స్టేషన్ గడప దగ్గరే ఆగిపోతున్నారు. రాజ్యాంగం అధికారాన్ని ఎవరెవరికి పంచిందో, ఆ పంపకంలో దళితుల హక్కులకు ఎవరు జవాబుదారో తెలిస్తే ఆ గడప దాటవచ్చు. కార్యకర్తలకు, విద్యార్థులకు పనికొచ్చేలా ఆ వివరాలను ఇక్కడ ఒకచోట ఇస్తున్నాం.

పుట్టుక

1947 ఆగస్టు 29న ఏడుగురు సభ్యులతో ముసాయిదా కమిటీ ఏర్పడింది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ అధ్యక్షుడు. 1949 నవంబర్ 26న రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది. 1950 జనవరి 26న అది అమల్లోకి వచ్చింది. అప్పుడు అందులో 395 ఆర్టికల్స్, 8 షెడ్యూళ్లు ఉన్నాయి. ఆ సభలో కూర్చున్న ఏకైక దళిత మహిళ దాక్షాయణి వేలాయుధన్.

ఆమోదానికి ముందు రోజు చేసిన ప్రసంగంలో బాబాసాహెబ్ ఒక హెచ్చరిక చేశారు. రాజకీయాల్లో అందరికీ ఒకే ఓటు, ఒకే విలువ వస్తున్నా, సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత అలాగే ఉంటోందని, ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించకపోతే దాన్ని భరిస్తున్నవాళ్లే ఈ ప్రజాస్వామ్య కట్టడాన్ని కూల్చేస్తారని చెప్పారు. రాజ్యాంగంలోని హక్కుల భాగాన్ని ఆ హెచ్చరికతో కలిపి చదవాలి.

అధికారం ఎవరి చేతిలో ఉంది?

చట్టం చేసేది పార్లమెంటు, శాసనసభలు. అమలు చేసేది ప్రభుత్వం. అంటే మంత్రివర్గం నుంచి కలెక్టర్, ఎస్పీ, తహసీల్దార్ దాకా. ఆ చట్టం, ఆ అమలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో చూసేది కోర్టులు. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు సవరణ ద్వారా కూడా మార్చలేదని 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం స్వల్ప మెజారిటీతో తేల్చింది.

కేంద్రానికి, రాష్ట్రాలకు మధ్య పంపకం ఏడో షెడ్యూల్‌లో ఉంది. పోలీసు, శాంతిభద్రతలు, భూమి రాష్ట్రాల జాబితాలోవి. క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలోది. అట్రాసిటీ చట్టం ఢిల్లీలో తయారైనా, కేసు కట్టే పోలీసు రాష్ట్ర ప్రభుత్వం కింద పనిచేస్తాడు. అసైన్డ్ భూములను బదలాయించకుండా నిషేధించే 1977 చట్టం మన రాష్ట్ర శాసనసభ చేసింది. కాబట్టి ఏ డిమాండ్‌ను ఎవరి ముందు పెట్టాలో ఈ జాబితాలు చూసి తేల్చుకోవాలి.

షెడ్యూల్డ్ కులాల జాబితా విషయమూ అంతే. ఆర్టికల్ 341 ప్రకారం ఆ జాబితాను రాష్ట్రపతి ప్రకటిస్తారు, మార్చే అధికారం పార్లమెంటుకే ఉంది. జాబితాలోని కులాల మధ్య వర్గీకరణ చేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని కొట్టేసిన 2004 నాటి చిన్నయ్య తీర్పు దానితో చెల్లకుండా పోయింది.

ప్రాథమిక హక్కులు

మూడో భాగంలో ఆర్టికల్ 12 నుంచి 35 దాకా ప్రాథమిక హక్కులు ఉన్నాయి. వాటికి విరుద్ధమైన చట్టం చెల్లదని ఆర్టికల్ 13 చెబుతుంది. ఆర్టికల్ 14 చట్టం ముందు సమానత్వం ఇస్తుంది. ఆర్టికల్ 15(2) హోటళ్లు, దుకాణాలు, బావులు, చెరువులు, రోడ్ల దగ్గర కుల వివక్షను నిషేధిస్తుంది. ఆర్టికల్ 21 ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ. ఆర్టికల్ 23 వెట్టిని నిషేధిస్తుంది.

ఆర్టికల్ 17 అంటరానితనాన్ని రద్దు చేసింది. ఏ రూపంలో పాటించినా నేరమే అంది. అంటరానితనం అంటే ఏమిటో అది నిర్వచించలేదు. అందువల్ల రెండు గ్లాసుల పద్ధతి అయినా, గుడిలోకి రానివ్వకపోవడం అయినా దాని పరిధిలోకి తేవచ్చు.

ప్రాథమిక హక్కుల్లో ఎక్కువ భాగం ప్రభుత్వం మీద ఉన్నవి. 15(2), 17, 23, 24 మాత్రం ప్రైవేటు వ్యక్తుల మీద కూడా పనిచేస్తాయి. ఆసియా క్రీడల నిర్మాణ కూలీల గురించిన 1982 తీర్పులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం కూడా వెట్టి కిందికే వస్తుందని చెప్పింది. హోటల్ యజమానిని, భూస్వామిని, కాంట్రాక్టరును రాజ్యాంగం పేరుతో నిలదీయడానికి ఆధారం ఇదే.

ఆర్టికల్ నుంచి చట్టం దాకా

ఆర్టికల్ 17 కింద శిక్షలు నిర్ణయించే అధికారం ఆర్టికల్ 35 ప్రకారం పార్లమెంటుదే. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్ని కఠినం చేసి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. హత్యలు, సామూహిక దాడులు ఆపడానికి అది సరిపోలేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. ఆ తర్వాత దళిత మహాసభ పుట్టింది. దేశమంతటా పెరిగిన ఇలాంటి దాడులు, ఉద్యమాల ఒత్తిడి మధ్య 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది.

2018 మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పు ఒకటి అరెస్టుకు ముందస్తు అనుమతి, ప్రాథమిక విచారణ అంటూ ఈ చట్టాన్ని నీరుగార్చింది. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చి ఆ షరతులు తొలగించింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అయితే ఫిర్యాదులో నేరం ప్రాథమికంగా కూడా కనిపించకపోతే ముందస్తు బెయిలు ఇవ్వవచ్చని అంది. ఫిర్యాదు ఎంత జాగ్రత్తగా రాయాలో దీన్నిబట్టే తెలుసుకోవాలి.

కేసు పెట్టేటప్పుడు

కులం పేరుతో దూషించిన కేసుల్లో సంఘటన నలుగురికీ కనిపించే, వినిపించే చోట జరిగిందా అన్నది కీలకం. కాబట్టి చోటు, సమయం, అక్కడున్నవాళ్ల పేర్లు, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయించాలి. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. విచారణ చేసేది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అయి ఉండాలి. 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి.

ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వ ఉద్యోగి కావాలని విధి నిర్లక్ష్యం చేస్తే సెక్షన్ 4 కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. 2015 సవరణతో వచ్చిన 15ఏ సెక్షన్ బాధితులకు, సాక్షులకు రక్షణ, విచారణ సమాచారం పొందే హక్కు ఇచ్చింది. జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా సమావేశం కావాలి. అది జరుగుతోందో లేదో కలెక్టర్‌ను అడగడం మన పని.

హక్కును అమలు చేయించే హక్కు

ప్రాథమిక హక్కు దెబ్బతింటే ఆర్టికల్ 32 కింద నేరుగా సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. రాజ్యాంగానికి గుండె, ఆత్మ వంటిదని అంబేద్కర్ చెప్పింది ఈ 32 గురించే. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులోనే 2014లో సుప్రీంకోర్టు సీవర్ మరణాలకు 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023లో మరో కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవా సంస్థల ద్వారా ఉచిత వకీలు దొరుకుతారు. ఆర్టికల్ 338 కింద ఉన్న జాతీయ ఎస్సీ కమిషన్‌కు విచారణలో సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. అధికారులను పిలిపించి, ఫైళ్లు తెప్పించగలదు. శిక్ష వేయలేదు.

ప్రాతినిధ్యం, నిధులు

లోక్‌సభలో ఎస్సీలకు 84 స్థానాలు, ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 29, తెలంగాణలో 19 రిజర్వు అయ్యాయి. 73వ సవరణతో పంచాయతీల్లోనూ రిజర్వేషన్ వచ్చింది. దళిత సర్పంచ్‌ను కుర్చీలో కూర్చోనివ్వకపోవడం, పని చేయనివ్వకపోవడం ఇప్పుడు అట్రాసిటీ చట్టం కింద నేరం. నిధుల విషయంలో 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సబ్‌ప్లాన్ చట్టం చేసి, జనాభా దామాషాలో బడ్జెట్ కేటాయింపును చట్టబద్ధం చేసింది. ఆ డబ్బు ఎటు పోయిందో అడగడానికి ఆ చట్టమే ఆధారం.

మిగిలిన ఖాళీలు

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లే ఎస్సీలు. క్రైస్తవం తీసుకున్న దళితులకు ఆ హోదా లేదు. భూమి, జీవనోపాధి గురించి మాట్లాడే ఆదేశిక సూత్రాల అమలు కోసం కోర్టుకు వెళ్లే వీలు ఆర్టికల్ 37 ఇవ్వలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపిన కేసులో, ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ వదిలేసింది.

చట్టం ఉండటానికి, న్యాయం దొరకడానికి మధ్య దూరం ఎంతో చుండూరు చూపించింది. ఆ కోర్టు ఊళ్లోకి రావడానికి కూడా బాధితుల పట్టుదలే కారణం. రాజ్యాంగం మనకు ఇచ్చినవి కొన్ని తలుపులు. ఏ తలుపు ఎవరిదో తెలిసి, తేదీలతో, కాగితాలతో, పదిమందితో కలిసి తట్టాల్సింది మనమే. ప్రతి వాడలో ఇద్దరు ముగ్గురైనా ఈ సెక్షన్లు నేర్చుకుని ఉంటే, దాడి జరిగిన రాత్రి తెల్లారకముందే ఫిర్యాదు సరిగ్గా తయారవుతుంది.