ప్రాసెసరుకీ బోర్డుకీ పొంతన

సొంతంగా పీసీ కట్టుకోబోయే కుర్రాళ్ళెవరైనా నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఈ ప్రాసెసర్ ఈ బోర్డులో పడుతుందా?" పాతికేళ్ళుగా ఇదే ప్రశ్న. పేర్లూ నంబర్లూ మారాయంతే. జాతకాలు పట్టుకుని పంతులుగారి ముందు కూర్చున్నట్టు ప్రాసెసరుకీ బోర్డుకీ, బోర్డుకీ మెమరీకీ, గ్రాఫిక్స్ కార్డుకీ పవర్ సప్లైకీ పొంతనలు చూస్తూ కూర్చుంటారు పాపం. డబ్బులా, ఇంట్లోవాళ్ళవి. లేదంటే మొదటి రెండు మూడు జీతాల్లోంచి మిగిల్చినవి. తేడా వస్తే షాపువాడు వెనక్కి తీసుకోడు. భయం సహజం.

నా ఆశ్చర్యం మాత్రం వేరే. ఒక కంపెనీ ప్రాసెసరు, ఇంకో కంపెనీ బోర్డు, మూడోవాడి మెమరీ, నాలుగోవాడి డిస్కు, ఊరూపేరూ లేనివాడి క్యాబినెట్టు... ఇవన్నీ కలిపి స్విచ్చి వేస్తే అసలెందుకు పనిచేస్తుందండీ? ఇంట్లో ఒక కంపెనీ మిక్సీ జారు ఇంకో కంపెనీ మిక్సీ మీద కూర్చోదు. ఫ్రిజ్జు తలుపు రబ్బరు పోతే ఆ మోడల్‌దే వెతుక్కోవాలి. మరి పీసీకి ఈ భాగ్యం ఎలా దక్కింది? ఎవరో పెద్దమనసుతో ఇచ్చింది కాదు. తొందరలో ఒకడు తలుపు తెరిచి పెట్టాడు, తర్వాత ఎవరు ముయ్యబోయినా పదిమంది అడ్డం పడ్డారు. కథంతా ఇంతే. కానీ ఈ కథ తెలిస్తే ఏ పొంతన చూడాలో, ఏది చూడక్కర్లేదో కూడా చాలావరకు తెలుస్తుంది. అందుకే ఈ సోదంతా.

1981 ఆగస్టు 12న ఐబీఎం తన మొదటి పీసీని ప్రకటించింది. మోడల్ నంబరు 5150. ఫ్లోరిడాలో బోకా రేటన్ అనే ఊళ్ళో డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వంలో ఓ చిన్న బృందం సుమారు ఏడాదిలో దాన్ని తయారుచేసింది. ఐబీఎం లాంటి ఏనుగుకి ఏడాది అంటే మనకి వారాంతం కింద లెక్క. అన్నీ సొంతంగా చేసుకునే తీరిక లేదు కాబట్టి బజార్లో దొరికేవి తెచ్చి కలిపారు. ప్రాసెసరు ఇంటెల్ వాళ్ళ 8088, ఆపరేటింగ్ సిస్టం మైక్రోసాఫ్ట్‌ది, ఫ్లాపీ డ్రైవు టాండన్ కంపెనీది (పేరు చూసి మనవాడా అనుకుంటున్నారా? అవును, మన దేశం నుంచి వెళ్ళిన జుగి టాండన్ పెట్టిన కంపెనీయే). అంటే మొట్టమొదటి ఐబీఎం పీసీ కూడా ఒకరకంగా అసెంబుల్డ్ సిస్టమే అన్నమాట!

ఇంకో పని కూడా చేశారు. బయటి కంపెనీలు కార్డులు తయారుచెయ్యాలని సర్క్యూట్ బొమ్మలతో సహా టెక్నికల్ మాన్యువల్ అచ్చువేసి అమ్మారు. అందులో బయాస్ కోడు మొత్తం ఉంది. ఉదారంగా కనిపిస్తుంది గానీ అందులో ఒక మెలిక ఉంది. ఆ కోడుకి కాపీరైట్ ఐబీఎందే. ఎవడైనా పీసీకి నకలు చేస్తే, "నువ్వు మా పుస్తకం చూసే రాశావు" అని కోర్టుకి లాగొచ్చు. మొత్తం డబ్బాలో ఐబీఎం గట్టిగా గుప్పెట్లో పెట్టుకున్నది ఆ కాస్త కోడునే.

దాన్ని దాటడానికి 1982లో కొలంబియా డేటా ప్రోడక్ట్స్, ఆ వెంటనే కాంపాక్ ఒకే ఉపాయం పట్టుకున్నాయి. ఒక బృందం ఐబీఎం బయాస్ చదివి, అది ఏం చేస్తుందో మాత్రం కాగితం మీద రాస్తుంది. ఆ కోడుని కంటితో కూడా చూడని ఇంకో బృందం ఆ కాగితం చూసి మొదట్నుంచీ కొత్తగా రాస్తుంది. స్పెక్ రాసేవాడికీ కోడ్ రాసేవాడికీ మధ్య మాటల్లేకపోవడం మన ప్రాజెక్టుల్లో శాపం గానీ, కాంపాక్‌కి అదే వరమైంది. 1982 నవంబరులో వాళ్ళ పోర్టబుల్ ప్రకటించారు. 1984లో ఫీనిక్స్ అనే కంపెనీ ఇలాగే రాసిన బయాస్‌ని అడిగినవాడికల్లా అమ్మడం మొదలుపెట్టింది. ఇక తైవాన్‌లో బోర్డులు చేసేవాళ్ళకి అడ్డేముంది?

అప్పట్లో "కంపాటిబుల్" అనే మాటకి పరీక్ష ఏమిటో తెలుసా? లోటస్ 1-2-3, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ నడవాలి. ఈ రెండూ వేగం కోసం నేరుగా హార్డ్‌వేర్ మీద చెయ్యి వేసేవి కాబట్టి, ఇవి నడిస్తే తక్కినవన్నీ నడిచినట్టే. ప్రమాణ పత్రాలు, కమిటీలు ఏమీ లేవు. ఒక స్ప్రెడ్‌షీటూ, ఒక విమానం ఆటా.

ఐబీఎంకి తెలివొచ్చేసరికి 1987 అయింది. ఆ ఏడాది పీఎస్/2 అనే కొత్త వరసా, అందులో మైక్రో ఛానెల్ అనే కొత్త స్లాటూ తెచ్చింది. పాత కార్డులు అందులో పట్టవు. నకలు చెయ్యాలంటే లైసెన్సు కట్టాలి, అదీ ఇంతకుముందు అమ్ముకున్న పాత రకం మిషన్లకి కూడా కలిపి! న్యాయంగా చెప్పాలంటే మైక్రో ఛానెల్ మంచి డిజైనే. జంపర్లు మార్చే బాధ లేకుండా సాఫ్ట్‌వేర్ తోనే కార్డు సెట్ చేసుకోవచ్చు. అయినా ఎవరూ లొంగలేదు. 1988లో కాంపాక్, హెచ్‌పీ, ఎప్సన్, జెనిత్ వగైరా తొమ్మిది కంపెనీలు కలిసి ఈసా అని పోటీ ప్రమాణం ప్రకటించాయి. చివరికి రెండూ నిలవలేదు. 1992లో ఇంటెల్ తెచ్చిన పీసీఐ అందరికీ నచ్చింది. పీఎస్/2 వరసలో బతికి బట్టకట్టింది వీజీఏ, ఇంకా కీబోర్డు మౌసులకి పెట్టిన ఆ చిన్న గుండ్రటి సాకెట్టు. ఊదారంగుదీ ఆకుపచ్చదీ, మనందరికీ గుర్తుండే ఉంటుంది. మార్కెట్‌ని తిరిగి చేతిలోకి తీసుకోవడానికి చేసిన అంత యజ్ఞానికి మిగిలిన ప్రసాదం అది.

ఈ గొడవలు అమెరికాలో జరుగుతుంటే మనకి ఒరిగిందేమిటంటే, అసెంబుల్డ్ పీసీ. 1984 నవంబరులో కేంద్రం తెచ్చిన కంప్యూటర్ విధానంతో దిగుమతులు కొంచెం తేలికయ్యాయి. విడిభాగాలు వచ్చేకొద్దీ ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబైలో లామింగ్టన్ రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగుళూరులో ఎస్.పి. రోడ్డు, మన సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే సీటీసీ, పేరు తెచ్చుకున్నాయి. బ్రాండెడ్ డబ్బా కొనలేని ఇళ్ళకి, ఇన్‌స్టిట్యూట్లకి అక్కణ్ణుంచే కంప్యూటర్లు వెళ్ళాయి. అమీర్‌పేటలో నేను సీ, ఒరాకిల్ నేర్చుకున్న ల్యాబులో ఒక్క మిషను మీద కూడా కంపెనీ పేరు లేదు. కాంపాక్ వాళ్ళు ఆ బయాస్ తిరగరాయకపోతే నా తరంలో ఎంతమందికి ఈ ఉద్యోగాలు వచ్చేవి అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

సీటీసీలో ఒక షాపు కుర్రాడు పీసీ బిగిస్తుంటే నిలబడి చూసేవాణ్ణి. పవర్ సప్లై నుంచి బోర్డుకి రెండు ప్లగ్గులు వచ్చేవి, ఒక్కోదానికి ఆరేసి తీగలు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కుడిదాన్ని ఎడమవైపూ, ఎడమదాన్ని కుడివైపూ పెట్టినా దిగిపోతాయి. అలా పెట్టి స్విచ్చి వేశారా, బోర్డు గోవిందా. ఆ కుర్రాడికి ఇవేమీ అక్కర్లేదు. "నలుపు పక్కన నలుపు" అనుకుంటూ నొక్కేసేవాడు. నల్లతీగలు నాలుగూ మధ్యలో కలవాలి, అంతే. ఇంజనీరింగ్ అంతా ఆ మూడు మాటల్లో ఉంది.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణం విడుదల చేసింది. రెండు ప్లగ్గుల బదులు ఒకటే, 20 పిన్నులది, తిప్పి పెడదామన్నా దూరదు. బోర్డుకి స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలో, వెనక పోర్టుల పలక ఎంత కొలతో అన్నీ రాసిపెట్టారు. తర్వాత 20 పిన్నులు 24 అయ్యాయి గానీ ఆ రంధ్రాల లెక్కే ఇప్పటికీ నడుస్తోంది. అందుకే ఏటీఎక్స్ బోర్డు, ఏటీఎక్స్ క్యాబినెట్టు అని రాసుంటే స్క్రూలు పడతాయా అని ఎవరూ నిద్ర మానుకోనక్కర్లేదు.

నిద్ర మానుకోవాల్సిన చోటు ప్రాసెసర్ సాకెట్టు. ఒకప్పుడు అది కూడా ఉమ్మడి ఆస్తే. సాకెట్ 7 బోర్డు కొంటే అందులో ఇంటెల్ పెంటియం పెట్టొచ్చు, ఏఎండీ కే6 పెట్టొచ్చు, సిరిక్స్ పెట్టొచ్చు. ఒకే బోర్డు, ముగ్గురు పోటీదారులు! 1997లో పెంటియం 2తో ఇంటెల్ స్లాట్ 1కి మారిపోయింది, పేటెంట్ల కంచె కట్టి మరీ. ఏఎండీ కొన్నాళ్ళు పాత సాకెట్‌నే సాగదీసింది. 1999లో అథ్లాన్‌కి స్లాట్ ఎ తెచ్చింది. తమాషా ఏమిటంటే, బోర్డు తయారీదార్లకి ఖర్చు కలిసొస్తుందని స్లాట్ 1లో వాడే ప్లాస్టిక్ భాగాన్నే అటుదిటు తిప్పి బిగించారు. చూపుకి అక్కాచెల్లెళ్ళు, లోపల ఒకరి భాష ఒకరికి రాదు. అథ్లాన్ బస్సు డెక్ కంపెనీ ఆల్ఫా నుంచి తెచ్చుకున్నది మరి. ఆ రోజు వేరు పడ్డ కాపురాలు మళ్ళీ కలవలేదు.

మెమరీ విషయంలో మాత్రం తలుపు ముయ్యడం ఇంటెల్ వల్ల కూడా కాలేదు. రాంబస్ అనే కంపెనీతో ఒప్పందం చేసుకుని ఆర్‌డీరామ్‌ని అందరి నెత్తినా పెట్టాలని చూసింది. 2000 నవంబరులో వచ్చిన మొదటి పెంటియం 4 బోర్డుల్లో అదే. జంటగా కొనాలి. ఖాళీ స్లాట్లు ఉంటే ఖాళీగా వదలకూడదు, వాటిలో మెమరీ లేని ఉత్తుత్తి ముక్కలు పెట్టాలి! ధర చూస్తే కళ్ళు తిరిగేవి. పక్కన జెడెక్ అనే ఉమ్మడి సంఘం ప్రమాణాల ప్రకారం అందరూ తయారుచేసే మెమరీ చవగ్గా దొరుకుతుంటే ఎవరు కొంటారు? 2001లో ఇంటెల్ తనంతట తానే పెంటియం 4కి మామూలు ఎస్‌డీరామ్, ఆపైన డీడీఆర్ బోర్డులు ఇచ్చింది. డీడీఆర్‌కి 184 పిన్నులు, డీడీఆర్2కీ డీడీఆర్3కీ 240, డీడీఆర్4కీ డీడీఆర్5కీ 288. సంఖ్య ఒకటైనా మధ్యలో గాడి చోటు మార్చారు, తప్పుది పెడదామన్నా దిగదు. గాడి అంటే చిన్న కత్తిరింపు కాదు, అదొక ఒప్పందం. దిగితే పనిచెయ్యాలి, పనిచెయ్యనిది దిగకూడదు.

ఆ ఒప్పందం సాకెట్ దగ్గర లేదు. 2015లో ఇంటెల్ 1151 పిన్నుల సాకెట్ తెచ్చింది. 2017 అక్టోబరులో ఎనిమిదో తరం ప్రాసెసర్లు కూడా అదే 1151తో వచ్చాయి. చక్కగా కూర్చుంటాయి. కానీ పాత బోర్డులో నడవవు. పవర్ అవసరాలు మారాయంది ఇంటెల్. బయాస్ మార్చి, కొన్ని పిన్నుల మీద టేపు అంటించి పాత బోర్డుల్లో నడిపించి చూపించారు కొందరు ఔత్సాహికులు. మీరే తేల్చుకోండి. అటు ఏఎండీ 2016లో మొదలైన ఏఎం4ని ఏళ్ళ తరబడి మార్చలేదు, మెచ్చుకోవాలి. అయితే పాత బయాస్ ఉన్న బోర్డు కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు, ప్రాసెసర్ లేనిదే బయాస్ మార్చలేం. ఆ చిక్కు తీర్చడానికి 2018లో ఏఎండీ ఓ పాత ప్రాసెసర్ అరువు కూడా ఇచ్చింది. 2020 మేలో, కొన్ని పాత బోర్డుల్లో బయాస్ చిప్పు 16 మెగాబైట్లే ఉందని, అందులో అన్ని ప్రాసెసర్ల కోడూ పట్టదని, రాబోయే తరానికి 400 సిరీస్ బోర్డులు పనికిరావని ప్రకటించింది. జనం గోల చేశారు. అదే నెలలో మాట వెనక్కి తీసుకుంది. 1988లో తొమ్మిది కంపెనీలు చేసిన పని ఇక్కడ కొన్నవాళ్ళు చేశారు.

కాబట్టి కుర్రాళ్ళకి నేను చెప్పేది, డిస్కూ క్యాబినెట్టూ గురించి బుర్ర పాడుచేసుకోవద్దని. క్యాబినెట్లో కార్డు పొడవూ కూలరు ఎత్తూ టేపుతో కొలుచుకుంటే చాలు. కూర్చున్న గంటలో ముప్పావుగంట బోర్డు కంపెనీవాడి పేజీలో ప్రాసెసర్ల జాబితా మీద, పక్కన రాసిన బయాస్ వెర్షన్ మీద పెట్టాలి. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ వేరువేరు బోర్డులున్న ప్రాసెసరైతే బోర్డు పేరు చివరి అక్షరం దాకా చదవాలి.

ఇంకోటుంది, దీని మీద ఎవరూ చెప్పరు. ఇప్పటి మాడ్యులర్ పవర్ సప్లైలకి కేబుళ్ళు రెండువైపులా ఊడొస్తాయి. బోర్డు వైపు కొస ప్రమాణం ప్రకారం ఉంటుంది. పవర్ సప్లై వైపు కొసకి ఏ ప్రమాణమూ లేదు, ఎవడి పిన్నుల వరస వాడిది. ఒక కంపెనీ కేబులు ఇంకో కంపెనీ డబ్బాలో చక్కగా దిగుతుంది, స్విచ్చి వెయ్యగానే డిస్కులు కాలతాయి. ఒక్కోసారి ఒకే కంపెనీ రెండు మోడళ్ళ మధ్య కూడా ఇంతే. నలుపు పక్కన నలుపు అని చెప్పే కుర్రాడు కూడా ఇక్కడ ఏమీ చెయ్యలేడు, తీగలన్నీ నల్లవే. పాత పవర్ సప్లై తీసేసేటప్పుడు దాని కేబుళ్ళన్నీ దానితోపాటే డబ్బాలో పెట్టి, డబ్బా మీద మోడల్ పేరు రాసి అటకెక్కించండి.