ఎడ్లు మనవే, గడ్డి ఎవరిది?

సావనీరుకు ఒక వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు తీజ్ పండుగ గురించో, మన పాటల గురించో రాస్తానని అనుకుని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా రాసేవాళ్లు ఉన్నారు. నేను ఆస్తి గురించి రాస్తున్నాను. హాస్టల్లో ఇన్నేళ్లుగా పిల్లల్ని చూస్తున్నదాన్ని. సుగ్రీవుడి వంశవృక్షం అడిగినా చెప్పే పిల్లలు, "మీ నాయన సేద్యం చేసే చేను ఎవరి పేరున ఉంది?" అంటే తెల్లమొహం వేస్తారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీ తప్పు కాదు. ఈ పాఠం ఏ తరగతి పుస్తకంలోనూ లేదు.

మన పూర్వీకుల ఆస్తి నాలుగు కాళ్ల మీద నడిచేది. ఎడ్ల మీద కంట్లాలు వేసి, తీరం నుంచి ఉప్పు, లోపలి సీమల నుంచి ధాన్యం, పత్తి మోస్తూ దక్కనంతా తిరిగిన బిడారులు మనవి. ఈ వ్యాపారాన్నే పెద్దవాళ్లు లదేణి అనేవాళ్లు. సేవాలాల్ మహరాజ్ పుట్టిన సేవాగఢ్ ఇక్కడికి దగ్గరలో, గుత్తి పక్కనే ఉంది. ఆయన కథల నిండా ఉండేది కూడా పశువుల మందలే, ప్రయాణాలే. ఎడ్లు ఏ కుటుంబానివి ఆ కుటుంబానివి. ఏ దారిన పోవాలి, ఎక్కడ దిగాలి, తగువు వస్తే ఏం చేయాలి అన్నది నాయక్ చూసుకునేవాడు. అంటే సొంతం వేరువేరుగా, నడక కలిసికట్టుగా. 17వ శతాబ్దంలో మొగలు సైన్యానికి ధాన్యం మోసిన భంగీ, జంగీ నాయకులకు లక్షా ఎనభై వేల ఎడ్లు ఉండేవని చెప్పుకుంటారు. లెక్క ఎవరు చూడొచ్చారు గానీ, బిడారుల బలం మాత్రం కట్టుకథ కాదు. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికి గింజలు చేరవేసింది బంజారాలేనని ఇంగ్లీషువాళ్లే రాసుకున్నారు.

భంగీ, జంగీల కథలో ఇంకో ముక్క ఉంది. దారిలో నీళ్లు, గడ్డి తీసుకోవచ్చని వాళ్లకు రాగిరేకు మీద రాసిచ్చారట. దీన్ని మనం గొప్పగా చెప్పుకుంటాం. నాకు మాత్రం అది చదివినప్పుడల్లా గుబులుగా ఉంటుంది. ఎడ్లు మనవే. ఆ ఎడ్లు తినే గడ్డికి పైవాడి అనుమతి కావాలి. అనుమతి ఇచ్చిన చేయి దాన్ని వెనక్కి కూడా తీసుకుంటుంది.

తీసుకున్నారు కూడా. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడే ఉండి పొలం పొలం కొలిపించాడు, ఏ చేనుకు ఏ రైతు శిస్తు కట్టాలో పేరు పేరునా రాయించాడు. రైత్వారీ అంటే ఇదే. మన పత్తికొండలోనే 1827లో కలరాతో చనిపోయాడు. రైతుకు మేలు చేసినవాడని ఈ సీమలో ఇప్పటికీ ఆయన పేరు తలుస్తారు. జమీందారుకు బదులు రైతు పేరు పుస్తకంలోకి ఎక్కడం నిజంగానే పెద్ద మార్పు. అయితే ఆ పుస్తకం ఒకచోట నిలిచి దున్నేవాడి కోసం తయారైంది. ఏడాదిలో సగం దారి మీద ఉండేవాడికి అందులో గడి ఎక్కడుంటుంది?

ఆ తర్వాత దెబ్బ మీద దెబ్బ. 1871లో మద్రాసు రైలు మార్గం ఆదోని మీదుగా రాయచూరు చేరి బొంబాయి లైనుతో కలిసింది. పది రోజుల కంట్లాల ప్రయాణం ఒక పూట పనైపోయింది. 1876-78 కరువులో బళ్లారి, కర్నూలు జిల్లాలు మాడిపోయాయి. అప్పట్లో ఆదోని బళ్లారి జిల్లాలోనిదే, 1953లో గానీ కర్నూలులో కలవలేదు. కరువుకు మనుషులతోపాటు పశువులు కుప్పలుగా పడిపోయాయి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి మేత బీళ్లలో చాలా భాగం రిజర్వు అడవి అయ్యింది. ఎద్దును ఎవరూ లాక్కోలేదు, గమనించండి. అది మోసే సరుకు పోయింది, తినే గడ్డి పోయింది. ఎద్దు దానంతట అదే పోయింది.

ఎరుకల సోదరుల కథ ఇంకా చేదు. వాళ్లదీ ఉప్పు, ధాన్యం మోసే బతుకే. బేరం పోయి ఊళ్లు తిరిగేవాళ్లను నేరస్తుల కింద జమకట్టే చట్టాన్ని 1911 నుంచి మద్రాసు రాజధానిలో అమలు చేశారు. స్టువర్టుపురంలాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి, హాజరు వేయించుకుని, పొగాకు ఫ్యాక్టరీకి కూలీలుగా పంపారు. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర తీసేసేదాకా, ఆస్తి మాట అటుంచండి, తన కాళ్ల మీద తనకే హక్కు లేదు.

ఇప్పుడు ఎమ్మిగనూరుకు వద్దాం. సంతకు వెళ్లినప్పుడు అక్కడి దుప్పట్లు, తువ్వాళ్లు మీరు చూసే ఉంటారు. నేతగాళ్ల పరిస్థితి ఒకప్పుడు మన బిడారుల పరిస్థితి లాంటిదే. మగ్గం నేతగాడిదే, ఇంట్లోనే గుంట తవ్వి వేసుకున్నది. పడుగు తోడేది భార్య, కండెలు చుట్టేది పిల్లలు. కానీ నూలు సావుకారు ఇవ్వాలి, నేసిన బట్ట ఆ సావుకారుకే ఇవ్వాలి. ధర ఆయన చెప్పిందే. పెళ్లికో చావుకో తెచ్చిన బాకీ ఉంటే నోరెత్తడానికి ఉండదు. మగ్గం సొంతమైనా మనిషి కూలివాడే.

1938లో మాచాని సోమప్ప గారు పూనుకుని అక్కడ నేతగాళ్ల సహకార సంఘం పెట్టించారు. వైడబ్ల్యూసీఎస్ అని జిల్లా అంతా ఎరిగినది అదే. సోమప్ప గారికి తర్వాత పద్మశ్రీ కూడా వచ్చింది. సహకార సంఘం అంటే ఏమిటో తరగతిలో చెప్పినట్టు చెబుతాను. సభ్యుడు వాటా కడతాడు. అందరి వాటాలతో నూలు టోకున కొంటారు. సభ్యులకు నూలు ఇచ్చి, నేసిన బట్ట తీసుకుని, మజూరీ ఇచ్చి, సంఘం పేరు మీద అమ్ముతారు. మిగిలిన లాభంలో సభ్యుడికి భాగం. ఎవరికి ఎన్ని వాటాలున్నా ఓటు మాత్రం మనిషికి ఒకటే. కంపెనీకీ దీనికీ తేడా అక్కడే ఉంది. కంపెనీలో డబ్బు ఓటు వేస్తుంది.

ఇందులో నన్ను ఆకట్టుకున్నది ఒక్కటి. సంఘం నేతగాడికి కొత్తగా మగ్గం ఇవ్వడంతో ఆగలేదు, మగ్గం అతనికి ముందే ఉంది. అతని చేతిలో లేని రెండు కొసలను, అంటే నూలునూ అమ్మకాన్నీ, అతన్ని కూడా యజమానిగా చేర్చుకున్న సంఘం చేతిలోకి తెచ్చింది. బిడారు కాలంలో గడ్డీ దారీ కూడా మన చేతిలో ఉండి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఇవాళ ఆ సంఘం పాత వెలుగులో లేదు. మరమగ్గాల బట్ట ముందు చేనేత ధర నిలవలేదు, కొత్తతరం మగ్గం ఎక్కడం తగ్గింది. ఏ సహకార సంఘానికైనా ఇంకో జబ్బు కూడా ఉంటుంది. ఎన్నికలు ఆగిపోయి అధికారి పాలన వస్తే, సభ్యుడు తాను యజమానినన్న సంగతి మరిచిపోతాడు. ఈ బెడద తప్పించడానికే మన రాష్ట్రంలో 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తెచ్చారు. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, వేర్వేరు కుటుంబాలకు చెందిన పది మంది కలిసి సొంతంగా సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు. దేశంలో ఇలాంటి చట్టం మొదట మనదే. మన తాండాల్లో ఎంతమందికి తెలుసు?

పక్కనే ఉన్న ఆదోనిలో ఇంకో రకం కథ నడిచింది. పత్తి వ్యాపారంతో వెలిగిన ఊరు కదా, ఆదోని కాటన్ మిల్స్ అని నూలు మిల్లు ఉండేది. ప్రైవేటు చేతుల్లో నష్టాల్లో పడితే, 1974లో పార్లమెంటు చేసిన జాతీయీకరణ చట్టంతో దేశంలోని నూరుకు పైగా మిల్లులతోపాటు అదీ ప్రభుత్వానిదైంది. ఉద్యోగాలు నిలబడ్డాయని కార్మికులు సంతోషపడ్డారంటే తప్పు లేదు. అయితే మిల్లు యజమాని ఢిల్లీలో, యంత్రం ఆదోనిలో. చివరికి అదీ మూతపడింది. సోమప్ప గారి సంఘం కూడా కుంగింది కదా అని మీరు అడగొచ్చు. నిజమే, సొంతం అయినంత మాత్రాన మార్కెట్టు జాలిపడదు. కానీ మిల్లు మూసే కాగితం మీద సంతకం ఎవరిదో చూడండి. అందులో పని చేసినవాడిది కాదు.

మీకు బాగా తెలిసిన క్రికెట్టులోకి వద్దాం. 2008లో హైదరాబాదు ఐపీఎల్ జట్టును డెక్కన్ క్రానికల్ సంస్థ 10.7 కోట్ల డాలర్లకు కొన్నది. డెక్కన్ చార్జర్స్ 2009లో కప్పు గెలిచింది. మూడేళ్లు తిరిగాయి, యజమాని సంస్థ అప్పుల్లో చిక్కుకుంది, 2012లో బోర్డు జట్టునే రద్దు చేసింది. సన్ టీవీ వాళ్లు హైదరాబాదు ఫ్రాంచైజీ తీసుకుని సన్‌రైజర్స్ అన్నారు. మైదానంలో ఏ తప్పూ చేయని ఆటగాళ్లు చెదిరిపోయారు, ఈలలు వేసిన అభిమానికి ఒక్క మాట చెప్పే హక్కు లేదు. అమెరికాలో గ్రీన్ బే అని లక్షకు కాస్త పైచిలుకు జనం ఉన్న చిన్న ఊరుంది. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు ప్యాకర్స్ 1923 నుంచి జనం వాటాలతోనే నడుస్తోంది. వాటాకు లాభం పంచరు, ఏ ఒక్కడూ దాన్ని ఎత్తుకుని వేరే నగరానికి పోలేడు. ఆదోని కంటే చిన్న ఊరు పెద్ద నగరాల జట్లతో తలపడి నిలిచిందంటే, అందులో ఆట ఎంతో, యాజమాన్యం అంత.

మన ఆడవాళ్ల చేతి పని సంగతి చెప్పకుండా వదల్లేను. బళ్లారి అవతల సండూరులో మన లంబాణీ అక్కచెల్లెళ్లు అద్దాలు, గవ్వలు, రంగు దారాలతో చేసే కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో హంపీలో జీ-20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా మహిళలు చేసిన 1755 కుట్టు వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డు కూడా అందుకుంది. రికార్డు కంటే గుర్తింపే నాకు ముఖ్యం. భౌగోళిక గుర్తింపు ఒక మనిషి పేరున ఉండే ఆస్తి కాదు, ఆ సీమలో ఆ పని చేసేవాళ్లందరిదీ. ఎక్కడో యంత్రం మీద అచ్చువేసి "సండూరు లంబాణీ" అని అమ్మితే అడ్డుకునే చట్టం ఉంది. మా అమ్మ పెళ్లినాటి కాంచళి పెట్టెలో ఉంది. సంతలో ఎవరో రెండు వందలకు అడిగారని పక్కింటావిడ తన కాంచళి ఇచ్చేసింది. నాకు ఆ రోజు అన్నం సహించలేదు.

ఇక చేను. రైలు వచ్చాక దిగిపోయిన మనవాళ్లు తుగ్గలి, పత్తికొండ వైపు గుట్టల అంచున తాండాలు వేసుకుని బీడు దున్నుకున్నారు. చాలామందికి స్వాతంత్ర్యం వచ్చాక గానీ కాగితం రాలేదు. వచ్చినది డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం అసైన్ చేసిన భూమి. దున్నుకోవచ్చు, పిల్లలకు ఇవ్వచ్చు, అమ్మకూడదు. 1977 చట్టం అలాంటి అమ్మకం చెల్లదంది, కొన్నవాడి దగ్గర నుంచి వెనక్కి తీసుకునే అధికారం కూడా ఇచ్చింది. అయినా తెల్లకాగితం మీద వేలిముద్రతో ఎన్ని ఎకరాలు చేతులు మారాయో మీ తాండా పెద్దల్ని అడగండి. గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు కట్టడాల పనికి పోయేవాళ్లలో పట్టా ఉన్నవాళ్లు లేరా? ఉన్నారు. నీళ్లు లేని పట్టా, బ్యాంకు అప్పు పుట్టని పట్టా. మగ్గం ఉండి నూలు లేని నేతగాడి మాదిరే.

2023లో ఆ చట్టాన్ని సవరించి, భూమి ఇచ్చి ఇరవై ఏళ్లు దాటితే అమ్ముకునే హక్కు కూడా ఇచ్చారు. దీని మీద మన సంఘంలోనే రెండు మాటలున్నాయి. అమ్ముకోలేనిది పూర్తి సొంతం ఎలా అవుతుందని కొందరు. అమ్ముకోగలిగితే ఒక్క పెళ్లి ఖర్చుకు పోతుందని కొందరు. నాది రెండో పక్షం. కర్నూలు చుట్టుపక్కల భూమి ధరలు చూస్తున్నాను. మన చేతిలో మిగిలిన ఒకే ఒక్క నిలకడైన ఆస్తి అది. హక్కు వచ్చింది కదా అని సంతకం పెట్టాల్సిన పని లేదు.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీరు చేయగలిగిన పని ఒకటుంది. సెల్‌ఫోనులో మీభూమి తెరిచి సర్వే నంబరు కొట్టి 1-బి, అడంగల్ చూడండి. చాలా ఇళ్లలో ఇప్పటికీ చనిపోయిన తాత పేరే ఉంటుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం పట్టుకుని మీసేవలో మ్యుటేషనుకు దరఖాస్తు పెట్టించండి. వారసుల వరుసలో అమ్మ పేరు, అక్కచెల్లెళ్ల పేర్లు రాశారో లేదో చూసి మరీ రసీదు తీసుకోండి.