ఉద్యోగుల బ్లాగు నియమావళి

ఉద్యోగి బ్లాగులోనో సామాజిక మాధ్యమాల్లోనో ఏం రాయవచ్చో సంస్థ ముందే చెప్పే కట్టుబాట్లు. 2005లో ఐబీఎం వీటిని తన ఉద్యోగులతోనే రాయించింది. రాసేవాళ్లనే అడగడం మేలైన పద్ధతి. మన ప్రభుత్వ ఉద్యోగుల సంగతి వేరు: ఏలూరు తపాలా ఉద్యోగికి 1964 నాటి కేంద్ర ప్రవర్తనా నియమావళి, తాడేపల్లిగూడెం రైల్వే ఉద్యోగికి 1966 నాటి రైల్వే నియమావళి, కొల్లేరు అటవీ సిబ్బందికి 1964 నాటి రాష్ట్ర నియమావళి వర్తిస్తాయి. మూడూ బ్లాగులు పుట్టకముందువే. కేంద్ర నియమాల్లో 8వది అభిప్రాయాలు సొంతవని స్పష్టం చేయమంటుంది; 9వది ప్రభుత్వ విధానాలపై విమర్శను, 11వది అనుమతి లేకుండా అధికారిక సమాచారం బయటపెట్టడాన్ని నిషేధిస్తాయి. ఉదాహరణకు, కొల్లేరు దగ్గరి ఆటపాకలో గూళ్ల మీది గూడబాతుల ఫొటో పెట్టడం వేరు, చేపల చెరువుల ఆక్రమణ దస్త్రంలో ఒక పేజీ ఫొటో తీసి పెట్టడం వేరు. రెండోదానికి పైఅధికారి అనుమతి కావాలి.